మా ఊరి వేడిలో రెడ్ వైన్ సీసాలను మూడేళ్లు దాచడం ఎలా?

మాది నరసన్నపేట. మా అబ్బాయి ఫ్రాన్సులోని బుర్గుండిలో, ఒక కుటుంబం తరతరాలుగా నడుపుకుంటున్న చిన్న వైనరీలో ద్రాక్ష కోతలకు పనిచేసి, తాను స్వయంగా కాళ్లతో తొక్కిన పినో న్వార్ అనే నల్ల ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ రెండు సీసాలు తెచ్చాడు. అక్కడి చల్లదనానికి పండు నెమ్మదిగా పక్వానికి వచ్చి పులుపు నిలుస్తుందనీ, తొక్కను అంటిపెట్టుకున్న ఈస్ట్‌తోనే రసం పులిసేలా చేసి, ఓక్ పీపాల్లో మాగబెట్టి, వడకట్టకుండానే సీసాల్లో నింపుతారనీ చెప్పాడు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అడుగున సన్నని మడ్డి కనిపిస్తుంది.

వాడి పెళ్లి వరకు, అంటే కనీసం మూడేళ్లు, వీటిని చెడకుండా ఉంచాలని నా కోరిక. వెలుతురు తగలకుండా, 12 నుంచి 14 డిగ్రీల వద్ద, బిరడా ఎండిపోకుండా అడ్డంగా పడుకోబెట్టాలట. ఇక్కడ మే నెల ఎండ సంగతి మీకు తెలిసిందే, దానికి తోడు కరెంటు కోతలు. ఫ్రిజ్‌లో చలి మరీ ఎక్కువ. మా పాత మండువా ఇంట్లో ధాన్యపు పాతర ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఇసుక పోసి సీసాలను పాతిపెడితే వేడి హెచ్చుతగ్గులు అదుపులో ఉంటాయా, లేక తేమకు బిరడా బూజు పడుతుందా? వైన్ కూలర్ కొనడమే మేలా? కోస్తా వేడిలో ఏళ్ల తరబడి వైన్ దాచిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.