సూర్యలంకలో రేకుల ఇల్లు: తుఫాన్ల కాలంలో తీసుకోవచ్చా?

నల్గొండ నుంచి నవంబర్ ఆఖర్ల ఎనిమిది మందిమి సూర్యలంక పోదామనుకుంటున్నం. అద్దెకు చూసిన ఇల్లు బీచ్ పక్కనే ఉంది, పైన రేకులు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాన్ బాపట్ల దగ్గర్నే తీరం దాటింది కాబట్టి అడుగుతున్న.

తుఫాన్ అలర్ట్ 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు వస్తయి. అలర్ట్ రాంగనే వాపస్ బయల్దేరుడే మా లెక్క. రోడ్డు మునిగి ఇరుక్కపోతేనే తిప్పలు. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు 96 లీటర్ల నీళ్లు పెట్టుకుంటం. కరెంటు పోతే మోటరు నడవదు.

అసలు భయం రేకులతోనే. గాలి ముందుగాల అంచులు, మూలల కాడ పైకి గుంజుతది. హుక్కులు తుప్పు పడితే అక్కడ్నే లేస్తయి. ఒక్క గదికన్నా స్లాబు లేకుంటే ఆ ఇల్లు వద్దనాల్నా? జనరేటర్ వరండాల ఉందట, పొగ లోపలికి రాకుండ ఎంత దూరం జరపమనాలె? బాపట్ల దిక్కు రోడ్డు ముందు ఎక్కడ మునుగుతది? దగ్గర్ల తుఫాన్ షెల్టర్ ఎక్కడుంది? అలర్ట్ వస్తే అడ్వాన్స్ వాపసిస్తమని ఓనర్లు రాసిస్తరా? అక్కడోళ్లు జర చెప్పండి.