ఏడీహెచ్‌డీ మందు ఎవరికి వద్దు? మా బాబుకు ఈసీజీ తీయకుండానే రాశారు

వరంగల్ అమ్మ
మా బాబుకు ఎనిమిదేళ్లు. ఏడీహెచ్‌డీ అని, అంటే కుదురూ ఏకాగ్రతా లేని సమస్య అని తేల్చి మిథైల్‌ఫెనిడేట్ రాశారు. బీపీ చూశారు, గుండె చప్పుడు విన్నారు, అంతే. ఈసీజీ లేదు. ఇంటికొచ్చాక మా అత్తయ్య గుర్తుచేశారు, మా మరిది 34 ఏళ్లకే టీ తాగుతూ కూలిపోయి చనిపోయాడని. డాక్టరు అడగలేదు, మాకు చెప్పాలని తోచలేదు. మందు కొన్నాం గానీ ఇంకా విప్పలేదు. అసలు ఇది ఎవరు వాడకూడదు?

వేపచెట్టు
నన్నడిగితే ఏ పిల్లాడికీ వద్దమ్మా. మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి వచ్చే మందు అది. మా రోజుల్లో ఇలాంటివాళ్లను పొద్దస్తమానం ఆటకి వదిలేవాళ్లం, రాత్రికి గుమ్మంలోనే నిద్రపోయేవాళ్లు.

గుంటూరు పిల్లల డాక్టర్
వేపచెట్టు గారూ, మార్ఫిన్ కూడా ఆ చట్టంలోదే. క్యాన్సర్ నొప్పికి అదే ఇస్తున్నాం. చట్టం పేరు చెప్పి మందు మంచిచెడ్డలు తేల్చలేం.

గట్టిగా వద్దని చెప్పేది కొద్దిమందికే. ఎంఏఓ ఇన్‌హిబిటర్లనే పాత రకం డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్లు, మానేసి 14 రోజులు కానివాళ్లు. మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్‌కూ కొంత ఆ గుణం ఉంది. ఏడీహెచ్‌డీ మందు వేసుకుంటున్న మనిషి టీబీ డాక్టరుకు ఆ మాట చెప్పకపోతే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఇక థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నవాళ్లు, గుండె నిర్మాణంలో పెద్ద లోపం, గుండె కండరం జబ్బు, తీవ్రమైన లయ దోషం ఉన్నవాళ్లు. ఆరేళ్లలోపు పిల్లలైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణ, మందు మాట తరవాత.

కీళ్లవాతంతో గుండె కవాటాలు చెడిన పిల్లలు మన దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. కాబట్టి మీ డాక్టరు స్టెతస్కోపు పెట్టి విన్నది చిన్న పనేం కాదు.

డల్లాస్ బాబాయ్
గుండె ఒక్కటేనా? నా సంగతి వినండి. 38 ఏళ్లకు ఏడీహెచ్‌డీ అన్నారు, ఇక్కడ దొరికే ఆంఫెటమిన్ మందు ఇచ్చారు. మూడో వారానికి రాత్రికి రెండు గంటల నిద్ర, అయినా అలుపు లేదు. క్రెడిట్ కార్డు మీద రెండు సైకిళ్లు, ఒక వీణ కొన్నాను. వీణ నాకు రాదు. మా ఆవిడ బలవంతాన లాక్కెళ్తే బైపోలార్ అని, అంటే మనసు ఒకసారి మితిమీరిన హుషారుకూ ఒకసారి కుంగుబాటుకూ ఊగే జబ్బని తేలింది. మొదటిరోజు ఫారంలో ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అని అడిగితే లేదని టిక్ పెట్టాను. మా పెదనాన్నకు ఉంది. మా ఊళ్లో దాన్ని గాలి సోకిందనేవాళ్లు, ఆ మాట ఫారంలో లేదు మరి.

వేపచెట్టు
చూశారా! నేనన్నదీ అదే.

డల్లాస్ బాబాయ్
కాదండీ, పూర్తిగా వినండి. మూడ్ నిలకడకు మందు మొదలుపెట్టి ఏడాది గడిచాక, మా డాక్టరే ఏడీహెచ్‌డీ మందు చిన్న మోతాదులో మళ్లీ ఇచ్చారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. బైపోలార్ ఉన్నవాళ్లపై స్వీడన్‌లో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే వాడినవాళ్లలో మొదటి మూడు నెలల్లో మేనియా (ఆ మితిమీరిన హుషారు) ముప్పు సుమారు 6.7 రెట్లయింది, మూడ్ మందుతో కలిపి వాడినవాళ్లలో పెరగలేదు. నాకు వద్దన్నది ఆ మందును కాదు, ఆ వరసను.

నంద్యాల మెడికల్ షాపు
చీటీ లేకుండా అడిగేవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. ‘రాత్రంతా చదవాలి అంకుల్’ అంటారు. అందరికంటే ముందు వద్దనాల్సింది వాళ్లకే.

హనుమకొండ టీచర్
మా అబ్బాయికి కళ్లు టపటపా కొట్టే టిక్ ఉంది. పాత లేబుల్లో టిక్స్ ఉంటే వద్దని ఉంది, అది చూసి నేను ఆరు నెలలు ఆపాను. చివరికి డాక్టరు నచ్చజెప్పి మొదలుపెట్టారు. టిక్ పెరగలేదు. ఆ ఆరు నెలల్లో వాడు బడిలో తిన్న తిట్లు మాత్రం వెనక్కి రావు.

డల్లాస్ బాబాయ్
సరే, ఈసీజీ మాట తేల్చండి డాక్టరుగారూ. అందరికీ తీస్తే పోయేదేముంది?

గుంటూరు పిల్లల డాక్టర్
ఇది మా డాక్టర్ల మధ్యే తెగని గొడవ. 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈసీజీ తీయడం మంచిదంది, అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ అందరికీ అక్కర్లేదంది. బ్రిటన్‌లో 2018 మార్గదర్శకాలదీ రెండో మాటే, జబ్బుల చరిత్ర, పరీక్ష మామూలుగా ఉంటే అవసరం లేదని. 2011లో 12 లక్షల మంది పిల్లలు, యువకుల రికార్డులు చూస్తే గుండెపోటు, హఠాన్మరణాలు పెరిగినట్టు ఆధారం దొరకలేదు. అయితే 2023 చివర్లో స్వీడన్ నుంచి వచ్చిన లెక్కలో, వాడిన ప్రతి అదనపు ఏడాదికీ గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సగటున 4 శాతం పెరిగింది, ముఖ్యంగా బీపీ, రక్తనాళాల జబ్బు. అందుకే నేను మొదటిరోజు ఈసీజీ కన్నా ప్రతిసారీ బీపీ చూడటానికే ఎక్కువ విలువిస్తాను. అందరికీ ఈసీజీ తీస్తే ఏ జబ్బూ లేని పిల్లాడి గీతలో ఏదో తేడా కనిపించి, మూడు నెలలు ఇంటిల్లిపాదీ టెన్షన్ పడటమూ చూశాను.

వరంగల్ అమ్మగారూ, మీ సంగతి వేరు. బాబు పరుగెత్తుతూ కళ్లు తిరిగి పడ్డాడా? టపాసు శబ్దానికి స్పృహ తప్పిందా? ఇంకొకటి, మీది మేనరికమా?

వరంగల్ అమ్మ
పడిపోవడం ఎప్పుడూ లేదు డాక్టరుగారూ. మేనరికమే, మా ఆయన మా మేనమామ కొడుకు. అంటే పోయినాయన నాకు మరిదీ, బావ వరసా కూడా.

గుంటూరు పిల్లల డాక్టర్
అయితే ఆ రక్తం బాబుకు రెండువైపుల నుంచీ వచ్చింది. బ్రిటన్ వాళ్ల జాబితాలో 40 లోపు హఠాన్మరణం తల్లిదండ్రులదో తోబుట్టువులదో అయితేనే లెక్క. మీ మరిది ఆ లెక్కలోకి రాడు. నేనైతే వదలను. బాబుకు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) చేయించండి. అంతకంటే ముందు మీ వారికి. పోయింది ఆయన తోడబుట్టినవాడు కదా. రిపోర్టులు గుండె డాక్టరు చూసేదాకా డబ్బా అలాగే ఉంచండి. అన్నీ బాగుంటే నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

వేపచెట్టు
మీ వారిని ముందు పంపండమ్మా. ఇందులో మాత్రం డాక్టరుగారితో వాదన లేదు.

వరంగల్ అమ్మ
‘మందు వాడికైతే పరీక్ష నాకెందుకు’ అంటున్నారు. అత్తయ్య ఏమీ అనకుండా మా మరిది ఫొటో తెచ్చి ముందు పెట్టారు. సోమవారం వెళ్తున్నాం.