పాదాలు కడిగే ఆరాధన, ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి చేసే సేవ: ఏర్పాట్లు ఎలా?

యువజన_సంఘం:
అందరికీ వందనాలు. యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా, ఈసారి పవిత్ర గురువారం సాయంత్రం ఆరాధనలో 12 మంది పాదాలు కడగాలనుకుంటున్నాం. దాన్ని అక్కడితో ఆపకుండా, మంచాన ఉన్న పెద్దల ఇళ్లకు వారానికోసారి వెళ్లి ఇదే పని చేయాలని ఆలోచన. కొందరికి షుగర్ ఉంది. నీళ్లు, తువాళ్లు ఎన్ని కావాలి? ఎక్కడ తేడా వస్తుంది?

పళ్లెం_తువాలు:
ముందు గుడిలో సంగతి చెప్తాను. బ్రదర్, పాదాన్ని పళ్లెంలో ముంచొద్దు. పళ్లెం పైన పట్టుకుని చెంబుతో పోయండి. ముంచితే ఒకరి కాలు కడిగిన నీళ్లలో ఇంకొకరి కాలు పెట్టినట్టే. పాదానికి పావు లీటరు లెక్కన 12 మందికి 6 లీటర్లు, చేతిలో ఉండేలా 8 పెట్టుకోండి. పళ్లెం 5 లీటర్లదైతే నలుగురికోసారి పారబోయండి. నిండాక మోస్తే తొణుకుతుంది, ఆ తడిలో ఎవరో ఒకరు జారతారు. మైకు వైరు కుర్చీల వెనక నుంచి లాగండి.

ఆరాధన మొదట్లో పట్టిన వేణ్నీళ్లు ప్రసంగం అయ్యేసరికి చల్లారిపోతాయి. ఫ్లాస్కులో ఉంచి అప్పటికప్పుడు కలపండి, ముందు చన్నీళ్లు, వాటి మీద వేడివి. తువాళ్లు మనిషికొకటి, ఇంకో మూడు అదనం. యేసు ప్రభువు కట్టుకున్నట్టు నడుముకు ఒకటి కట్టుకోండి గానీ దాంతోనే అందరి కాళ్లూ తుడవకండి. వేళ్ల సందుల్లో ఫంగస్ ఒకరి నుంచి ఒకరికి పాకడానికి తడి తువాలు చాలు.

చేతులున్న కుర్చీలు వేయండి. మడమ కింద అరచెయ్యి పెట్టి పాదాన్ని జానెడు లేపితే చాలు, అంతకు మించితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనక్కి వాలిపోతారు. ఎవరెవరిని కూర్చోబెడుతున్నారో వారం ముందే చెప్పండి. పన్నెండుగురూ సంఘ పెద్దలే అయితే మాత్రం అసలు అర్థం పోయినట్టే. కాథలిక్ సంఘాల్లో 2016 నుంచి స్త్రీలను కూడా ఎంచుకోవచ్చు. అడ్వెంటిస్టులు ప్రభు రాత్రి భోజనానికి ముందు ఒకరి పాదాలు ఒకరు కడుగుతారు. మీ దగ్గర పద్ధతేమిటో పాస్టర్ గారిని అడగండి.

ఇంటి_నర్సింగ్:
ఇంటి దగ్గర సంగతి వేరు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న కాలికి వేడి తెలియదు. నీళ్లు కాలుతున్నా ఆయన "బాగానే ఉంది బాబూ" అంటారు. కాబట్టి ఆయన్ని అడిగి కాదు, థర్మామీటరు పెట్టి చూడండి, 37 డిగ్రీలు దాటకూడదు. అది లేకపోతే మీ మోచెయ్యి ముంచి చూడండి, గోరువెచ్చగా ఉండాలి. నానబెట్టొద్దు, రెండు మూడు నిమిషాల్లో కడగడం అయిపోవాలి. నానితే చర్మం మెత్తబడి చీలుతుంది.

తుడవడం దగ్గరే చాలామంది తొందరపడతారు. ప్రతి రెండు వేళ్ల మధ్యా తువాలు కొసను దూర్చి, రుద్దకుండా అద్దాలి. క్రీము పాదం పైన, అరికాలికి రాయండి, వేళ్ల సందుల్లో వద్దు. షుగర్ ఉన్నవాళ్ల గోళ్ల జోలికి మీరు పోకండి, అది నర్సుతో చేయించాలి. మిగతావాళ్లకు నేరుగా కత్తిరించి, మూలలు ఆకురాయితో నున్న చేయండి. ఆనెకాయలకు బ్లేడు పెట్టొద్దు, పట్టీలూ అంటించొద్దు.

మడమ మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతున్నట్టు. అక్కడ మర్దన చేయకండి. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాలిలో ఉండేలా చూసి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. నల్లబడటం, చీము, ఒక పాదం మాత్రమే వేడెక్కి వాయడం కనిపిస్తే ఆ రోజే డాక్టరు చూడాలి. ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా అంతే, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, రుద్దొద్దు.

యువజన_సంఘం:
చాలా ఉపయోగం, సిస్టర్. ఒక పెద్దావిడ మాత్రం "మీ చేత కాళ్లు కడిగించుకోవడమేమిటి" అంటున్నారు. బతిమాలమంటారా?

పళ్లెం_తువాలు:
వద్దు. పేతురు కూడా ముందు ఒప్పుకోలేదు (యోహాను 13). అయితే "నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు లేదు" అని ప్రభువు అతనితో అన్న మాట మనం అనడానికి లేదు. ఆవిడకు దుప్పటి మార్చడమో, మంచినీళ్లు పట్టి పెట్టడమో ఏం కావాలో అడిగి అది చేయండి. ప్రార్థన కూడా అడిగాకే. ఫోటోలు అసలొద్దు, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని చదివి కూడా సంఘం గ్రూపులో పెట్టేవాళ్లున్నారు. మొదట రెండిళ్లతో మొదలుపెట్టండి, ఇంటికి ఇద్దరు, ప్రతివారం అదే రోజు. పదిళ్లు ఒప్పుకుని మూడోవారం వెళ్లకపోతే ఎదురుచూసేది వాళ్లే.

పాత_నియమాలు:
ఒక్క మాట కలుపుతాను. క్రైస్తవ మఠాల్లో ఉండే సన్యాసుల కోసం రాసిన 6వ శతాబ్దపు బెనెడిక్టు నియమావళి 35వ అధ్యాయంలో వంటశాల వంతు గురించి ఉంది. వారం వంతు ముగిసినవాడు శనివారం నాడు, సోదరులు చేతులూ కాళ్లూ తుడుచుకున్న తువాళ్లు ఉతకాలి. ఆ తర్వాత అతడూ, కొత్తగా వంతుకు వచ్చేవాడూ కలిసి అందరి పాదాలు కడగాలి. మీ జాబితాలో కడిగేవాళ్ల పేర్లు ఉంటాయి సరే, ఆ 15 తువాళ్లు ఎవరు ఉతుకుతారో కూడా రాసుకోండి. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే మడతపెట్టాలి.