బాబీ ఓర్ ఆటను ఎలా చూడాలి?

ఐస్ హాకీని శ్రద్ధగా అనుసరించేవారిని, ముఖ్యంగా కెనడాలో స్థిరపడిన తెలుగువారిని, ఒక సహాయం కోరుతున్నాను. 1966 నుంచి పదేళ్లపాటు ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని బోస్టన్ బ్రూయిన్స్ జట్టుకు ఆడిన బాబీ ఓర్ పాత వీడియోలను కొంతకాలంగా చూస్తున్నాను. 1970 మే 10న, లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్లో అదనపు సమయం మొదలైన 40 సెకన్లకే గోల్ కొట్టి, ప్రత్యర్థి కర్ర కాలికి తగలడంతో రెండు చేతులూ చాచి గాలిలో అడ్డంగా తేలిపోయిన ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఆయన రక్షణ ఆటగాడైనా లీగ్‌లో అత్యధిక పాయింట్ల (కొట్టిన గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) బహుమతిని రెండుసార్లు గెలుచుకున్నారు. ఆ స్థానంలో ఆడిన మరెవరికీ అది దక్కలేదు. నా సందేహం 1970–71లో ఆయన సాధించిన ప్లస్ 124 గురించి. ఒక ఆటగాడు మంచు మీద ఉన్నప్పుడు తన జట్టు చేసిన గోల్స్ నుంచి ఇచ్చిన గోల్స్ తీసివేసి, పవర్ ప్లే గోల్స్‌ను (ప్రత్యర్థి ఆటగాడు శిక్షపై బయట ఉన్నప్పుడు, ఎక్కువమందితో ఆడుతూ కొట్టినవి) మినహాయించి కట్టే ఈ లెక్కలో, ఆయన ప్రతిభను ఆనాటి బ్రూయిన్స్ బలం నుంచి వేరుచేసి చూడటం ఎలా?

కెమెరా ఎప్పుడూ పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) వెంటే పరుగెడుతుంది కనుక, ఆయన ఎక్కడ నిలబడుతున్నారో, ఎప్పుడు వెనక్కి మళ్లుతున్నారో నాకు అందడం లేదు. ఎడమ మోకాలు పూర్తిగా దెబ్బతిన్నాక కూడా 1976 కెనడా కప్ అంతర్జాతీయ టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా నిలిచి, 1978లో 30 ఏళ్లకే ఆట విడిచిన ఆ మనిషి, చివరి రోజుల్లో తన ఆటను ఏ విధంగా మార్చుకున్నారో గమనించినవారు దయచేసి వివరించగలరు.