వెట్ వెట్ వెట్ హిట్స్ సీడీ: 1993దా, 2004దా? కొన్నాక కారులోకి ఎక్కించడం ఎలా?

లీడ్స్‌తెలుగు: అందరికీ నమస్తే. ఇక్కడి ఛారిటీ షాపులో వెట్ వెట్ వెట్ బ్యాండ్‌వి రెండు సీడీలు ఉన్నాయి. ఒకటి ‘ఎండ్ ఆఫ్ పార్ట్ వన్’, ఇంకోటి ఉత్త ‘ది గ్రేటెస్ట్ హిట్స్’. ‘లవ్ ఈజ్ ఆల్ అరౌండ్’ తప్పకుండా ఉండాలి. కారుకి సీడీ ప్లేయర్ లేదు, యూఎస్‌బీ ఒక్కటే. ఏది తీసుకోవాలి, పాటలు ఎలా ఎక్కించాలి?

సీడీపిచ్చి: రెండోది తీసుకోండి. ‘ఎండ్ ఆఫ్ పార్ట్ వన్’ 1993 చివర్లో వచ్చింది. మీరడిగిన పాట 1994 వేసవిది, కాబట్టి ఆ మొదటి అచ్చులో ఉండే అవకాశమే లేదు. ఆ పాట బ్రిటన్ చార్టులో 15 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. జనం విసిగిపోతున్నారని చివరికి బ్యాండే సింగిల్ (ఆ ఒక్క పాటతో విడిగా వచ్చిన రికార్డు) అమ్మకాలు ఆపించింది. (అసలు పాట ట్రాగ్స్ అనే బ్యాండ్‌ది, 1967.)

వీళ్ళది గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్. 1997లో డ్రమ్మర్ టామీ కనింగ్‌హామ్ బయటికెళ్ళాడు, తర్వాత గాయకుడు మార్టి పెలో కూడా. 2004లో మళ్ళీ కలిసినప్పుడు తెచ్చిందే మీ రెండో సీడీ. కొత్త సింగిల్ ‘ఆల్ ఐ వాంట్’ అందులో ఉంటుంది, గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. 2013లో ‘స్టెప్ బై స్టెప్’ అని మరో హిట్స్ సీడీ వచ్చింది. అది దొరక్కపోయినా బెంగ అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ డబ్బాల్లో పెట్టె ఒకటి, లోపల డిస్క్ ఇంకోటి ఉండడం మామూలే. కొనే ముందు తెరిచి, డిస్క్ మీద అచ్చయిన పేరు, సంవత్సరం చూడండి. వలయంలో ‘పి’ పక్కన వరసగా 1987, 1989, 1992 అని ఉంటే అవి పాటలు రికార్డయిన ఏళ్ళు. వాటిని చూసి పాత సీడీ అనుకోకండి. వలయంలో ‘సి’ పక్కనున్న ఏడే సంకలనం తయారైన ఏడు.

లీడ్స్‌తెలుగు: థాంక్యూ అండీ. పెట్టె తెరిచి చూశాను, సరైన డిస్కే. గీతలున్నాయి మరి?

సీడీపిచ్చి: ఏ వైపు? మెరిసే వైపు సన్న గీతలకు భయం లేదు. అక్కడ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర దాటాక గానీ డేటా రాదు. పేరు అచ్చేసిన వైపు గీత పడితేనే ప్రమాదం, అటువైపు డేటాకి పైన ఉన్నది లక్క పూత, సిరా మాత్రమే. డిస్క్‌ని ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి చూడండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ డేటా పోయినట్టే, వదిలేయండి.

తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి, నిలువుగా. గుండ్రంగా తిప్పకండి. ట్రాక్‌కి (డేటా రాసిన చుట్లకి) అడ్డంగా పడ్డ గీతను ప్లేయర్ సరిదిద్దుకుంటుంది, ట్రాక్ వెంబడి పడ్డ గీత మాత్రం వరసగా ఉన్న డేటాని మింగేస్తుంది.

బేస్‌గిటార్: కొనడం ఎందుకు, స్ట్రీమింగ్‌లో ఉన్నాయిగా అంటారేమో. అక్కడ వేరే తిరకాసు ఉంది. ‘టెంప్టేషన్’ అని వెతికితే 1987 ఆల్బమ్‌దీ రావొచ్చు, మెంఫిస్‌లో విల్లీ మిచెల్‌తో చేసిన వేరే రికార్డింగూ రావొచ్చు. 2018లో గాయకుడిగా చేరింది కెవిన్ సిమ్, అతను పాడినవైతే గొంతే వేరు. పాట పేరు చూసి నొక్కేయకుండా ఏ ఆల్బమ్‌లోదో చూడండి. నా మటుకు సీడీయే నయం.

ఇక కాపీ. ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేకపోతే బయట పెట్టే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ చాలు. యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి, కరెంటు చాలకపోతే చదివిందే చదువుతూ ఉంటుంది. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రామ్ ఉచితం. డ్రైవ్ ఆప్షన్స్‌లో సెక్యూర్ మోడ్ పెట్టి, ‘టెస్ట్ అండ్ కాపీ’ నడపండి. ప్రతి పాటకీ రెండు సీఆర్‌సీ (డేటా సరిచూసే) సంఖ్యలు వస్తాయి, రెండూ ఒకటైతే కాపీ బాగున్నట్టే. అక్యురేట్‌రిప్‌లో (ఇతరుల కాపీలతో పోల్చి చూసే ఆన్‌లైన్ జాబితాలో) దొరకలేదని చూపిస్తే కంగారుపడకండి, మీ డిస్క్ వేరే అచ్చుది అయ్యుండొచ్చు.

పాటల పేర్లు ఆన్‌లైన్ నుంచి తెచ్చేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని చూడాలి. ‘గ్రేటెస్ట్ హిట్స్’ పేరుతో లక్ష ఆల్బమ్‌లు. పాటల సంఖ్య, ఒక్కో పాట నిడివి వెనక అట్టతో కలిస్తేనే ఓకే నొక్కండి.

ముందు ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గని ఫైల్‌గా) దాచుకుని, కారుకి దానిలోంచి 320 కేబీపీఎస్ ఎంపీ3 చేసుకోండి. నిమిషానికి 2.4 ఎంబీ, డెబ్బై నిమిషాల డిస్క్ 170 ఎంబీ లోపే.

లీడ్స్‌తెలుగు: కాపీ అయింది అండీ, సీఆర్‌సీలన్నీ కలిశాయి. కారులో రెండు ఇబ్బందులు. పాటల వరస తారుమారు. పైగా అదే స్టిక్‌లో ఉన్న నా పాత ఆల్బమ్‌ల పక్కన ఇవి చెవులు గింగురుమనేలా మోగుతున్నాయి.

కారుస్టీరియో: గట్టిగా మోగడం స్టీరియో తప్పు కాదు. 2000ల నడుమ సీడీలు చాలావరకు అలాగే శబ్దం పెంచి తయారుచేసేవారు. శబ్దం స్థాయి సర్దే ఎంపీ3గెయిన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, టార్గెట్ 89 డీబీ దగ్గరే ఉంచండి. మొత్తం డిస్క్‌ని ఒకే వరసలో వింటే ఆల్బమ్ గెయిన్, రకరకాల పాటలు కలిపి షఫుల్‌లో వింటే ట్రాక్ గెయిన్. ఇది 1.5 డీబీ మెట్లలో ఫైల్‌నే మారుస్తుంది, నాణ్యత తగ్గదు, కావాలంటే వెనక్కి తిప్పుకోవచ్చు. ఫ్లాక్‌లో రాసే రీప్లేగెయిన్ ట్యాగుని (ఎంత శబ్దంతో వాయించాలో ఫైల్‌లో రాసే వివరం) చాలా కారు స్టీరియోలు అసలు పట్టించుకోవు, అందుకే ఈ దారి.

వరస సంగతి. పాత స్టీరియోలు పేరు చూడవు, స్టిక్‌లోకి ఏది ముందు ఎక్కిందో అదే ముందు వాయిస్తాయి. స్టిక్‌ని ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. 32 జీబీ లోపుది అయితే విండోస్‌లోనే కుదురుతుంది. ఫైల్ పేర్ల ముందు 01, 02 అని రెండంకెలు పెట్టి ఒక్కొక్కటిగా వరసలో కాపీ చేయండి. అన్నీ ఒకేసారి లాగి పడేస్తే మళ్ళీ కలగాపులగమే. అంత ఓపిక లేకపోతే ఫ్యాట్‌సార్ట్ అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది.

ట్యాగులు (పాట పేరు లాంటి వివరాలు) ఐడీ3 2.3 వెర్షన్‌లో సేవ్ చేయండి, 2.4 అయితే కొన్నిటిలో పేరే రాదు. తెలుగు అక్షరాలు పెడితే పాత తెరల మీద డబ్బాలే కనిపిస్తాయి, ఇంగ్లీషులోనే ఉంచండి.

లీడ్స్‌తెలుగు: ఫ్యాట్32, ఆల్బమ్ గెయిన్, రెండూ చేశాను. వరస కుదిరింది, మోత తగ్గింది. ఒక్క పాట మొదట్లో మాత్రం చిన్న టిక్ శబ్దం.

బేస్‌గిటార్: అదే పాట ఫ్లాక్‌లో వినండి. అక్కడా ఉంటే డిస్క్ తుడిచి ఆ ఒక్క పాట మళ్ళీ కాపీ చేయండి, స్పీడ్ 4ఎక్స్‌కి తగ్గించి. ఫ్లాక్‌లో లేకపోతే ఎంపీ3 మళ్ళీ తయారుచేస్తే సరి.