అమ్మ కొలెస్ట్రాల్ పెరిగింది, ఇంట్లో పాత కళాయి గిన్నె ఉంది. సీసం వల్లేనా?

తెనాలి అమ్మాయి:
మా అమ్మకి 69 ఏళ్లు. నూనె తక్కువ, స్వీట్లు ముట్టదు. అయినా రెండేళ్లలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118 నుంచి 164 అయింది, బీపీ కూడా కొత్తగా వచ్చింది. మా ఇంట్లో నానమ్మ నాటి ఇత్తడి గిన్నె ఉంది. మూడేళ్ల కింద సంతలో కళాయి (లోపల తగరం పూత) వేయించాం, అప్పట్నుంచి రోజూ చారు అందులోనే. మొన్న తోముతుంటే చూశాను, అడుగున కళాయి లేచిపోయి ఇత్తడి మచ్చలు మచ్చలుగా బయటపడింది. పులుపు తగిలితే కళాయిలోని సీసం దిగుతుందంటున్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. కొలెస్ట్రాల్‌కీ దానికీ సంబంధం ఉందా?

ల్యాబ్‌లో 31 ఏళ్లు:
అమ్మా, ముందు థైరాయిడ్ చూపించండి. ఈ వయసు ఆడవాళ్లలో ఉన్నట్టుండి ఎల్‌డీఎల్ పెరిగితే మొదట అనుమానించాల్సింది అదే.

సీసం సంగతికొస్తే, రక్తంలో సీసం ఎక్కువున్నవాళ్లలో కొలెస్ట్రాల్ కూడా కాస్త ఎక్కువ ఉన్నట్టు కొన్ని పరిశీలనల్లో కనిపించింది. అదే కారణమని మాత్రం తేలలేదు. బీపీకీ గుండెకీ దాని వల్ల చేటన్నది ఇంకా గట్టి విషయం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ గుండెజబ్బుకు దారితీస్తాయని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లోనే చెప్పింది. పెద్దవాళ్లకి ఇంకో చిక్కుంది. ఒంట్లో చేరిన సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో దాక్కుంటుంది. ముట్లు ఆగాక ఎముక అరిగేకొద్దీ అది మళ్లీ రక్తంలోకి వస్తుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 దాకా అమ్మారు, ఆ పొగ పీల్చిన తరమే ఇది. కాబట్టి తప్పంతా గిన్నెదే అనుకోకండి. బ్లడ్ లెడ్ పరీక్ష చేయించండి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలని డబ్ల్యూహెచ్‌ఓ మాట.

కళాయి వాళ్లబ్బాయి:
మా నాన్న నలభై ఏళ్లు కళాయి వేశారు. గిన్నెని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి, దూది ఉండతో గిరగిరా రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మంచి తగరమైతే భయం లేదక్కా. తగరం ఖరీదెక్కువ, అందుకని కొందరు సీసం కలుపుతారు. కడ్డీని తెల్లకాగితం మీద గీస్తే పెన్సిల్ గీతలా నల్లగా పడిందంటే సీసం ఉన్నట్టే. నాన్న పుల్లటి వంటకి వాడే గిన్నెకి ఏడాదికోసారి కళాయి తప్పదనేవారు. లేచిపోయిన గిన్నెలో మజ్జిగ కూడా పోయనిచ్చేవారు కాదు. మీరు దాన్ని ఇవాళే పక్కన పెట్టేయండి.

డాలస్ నుంచి:
ఇత్తడే కాదండి. 2025లో ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మన దేశం నుంచి వచ్చిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం గిన్నెల్లోంచి సీసం దిగుతోందని హెచ్చరించింది. అత్తయ్య సూట్‌కేసులో పెట్టుకొచ్చిన ఇండాలియం మూకుడు తీసేశాం. ఆవిడ బాధపడ్డారు, నాకూ మనసొప్పలేదు.

పటాన్‌చెరు వాసి:
బోరు నీళ్లు తాగేవాళ్లకి ఒక్క మాట. మరిగిస్తే లోహాలు పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. నీళ్లు పరీక్ష చేయించండి.

ఒంగోలు రాజు:
మా నాన్నకి 72. ఒక క్లినిక్‌లో సీసం కడిగేస్తాం, గుండె బాగుపడుతుందని వారానికొక డ్రిప్ చొప్పున నలభై పెట్టాలన్నారు. నిజమేనా సార్?

ల్యాబ్‌లో 31 ఏళ్లు:
వద్దు బాబూ. గుండెపోటు వచ్చిన షుగర్ పేషెంట్లకి అలాగే 40 డ్రిప్పులు పెట్టి చూసిన పెద్ద పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. రక్తంలో సీసం 61 శాతం తగ్గింది, గుండెకి మాత్రం మేలు కనిపించలేదు. సీసం బాగా ఎక్కువైతే ఆ వైద్యం వేరే సంగతి, దాన్ని పెద్ద డాక్టరే చెప్పాలి. నాన్నగారి కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం ఆపకండి. చుట్ట, బీడీ ఉంటే మాన్పించండి, వాటి పొగలోంచి కాడ్మియం ఒంట్లోకి చేరుతుంది.

తెనాలి అమ్మాయి:
రిపోర్టులు వచ్చాయి. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 11, సీసం 8.2. రెండూ ఉన్నాయి! డాక్టర్ థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి, మూడు నెలల తర్వాత కొలెస్ట్రాల్, సీసం రెండూ మళ్లీ చూద్దామన్నారు. గిన్నె అటక మీదికి ఎక్కించాను. అమ్మ స్టీలు గిన్నెలో చారు పెట్టి, రెండు ముద్దలు తిని "మీ నానమ్మ చేతి వాసన లేదే" అంది. కళాయి తమ్ముడూ, మంచి తగరంతో కళాయి వేసేవాళ్లు గుంటూరు చుట్టుపక్కల ఇంకా ఎవరైనా ఉన్నారా?