ఈ వారం సమస్య: చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె

నిర్వాహకుడు

తేటగీతి నాలుగో పాదం ఇస్తున్నాను. మిగతా మూడూ మీవి.

*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి. ఇంగ్లీషు మాటలు వాడుకోవచ్చు, గణాల్లో ఇమిడితే చాలు.

దస్త్రమంటే ఫైలు. చెరిపితే పోవాల్సింది నిలిచిందంటే పైకి అర్థం లేని మాటే. లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్ళకు మాత్రం ఇది మామూలు తలనొప్పి. డిస్క్ నిండిందని అర్ధరాత్రి అలారం మోగుతుంది. పెద్ద లాగ్ ఫైలు (ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునేది) ఒకటి కనపడితే కొట్టేస్తారు. తీరా డీఎఫ్ (డిస్క్‌లో ఎంత చోటు నిండిందో చూపే ఆదేశం) చూస్తే నూటికి నూరు శాతం నిండే ఉంటుంది. డీయూ (ఫోల్డర్లోని ఫైళ్ళ సైజు లెక్కేసే ఆదేశం) ఏమో ఆ ఫోల్డర్లో ఏమీ లేదంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ ఏదో ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచింది. లినక్స్‌కు పూర్వీకుడైన యూనిక్స్‌లో చెరపడమంటే ఫోల్డర్లోంచి పేరు తీసెయ్యడమే. పేర్లన్నీ పోయి, తెరిచినవాళ్ళందరూ మూశాకే డిస్క్‌లో చోటు ఖాళీ అవుతుంది. పైథాన్ భాషలో ఫైలును చెరిపే ఓఎస్.రిమూవ్ పిలిచినా ఇదే కథ.

కాబట్టి షరతు ఒక్కటే: ఫైలును పట్టుకున్నది ఎవరో పూరణలో కనిపించాలి. "మాయగాను", "వింతగాను" అని నెట్టుకొస్తే ఒప్పుకోను.

గోదారిగట్టు

బోణీ నాదే.

*పేరు మాత్రమె తుడిచిరి పెట్టెలోన*
*పట్టి విడువని ప్రోగ్రాము పక్కనుండె*
*వ్రాతలన్నియు డిస్కులో బ్రతికియుండ*
*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

నిర్వాహకుడు

యతులన్నీ చక్కగా పడ్డాయి. మూడో పాదంలో వ్రా–బ్ర, సంయుక్తంలోని రేఫతో కలిపారు, బాగుంది. పెట్టె అంటే ఫోల్డర్ అని చదువుకుంటాం. రెండో పాదంలో పట్టుకున్నవాడిని చూపించారు కాబట్టి షరతు తీరింది. ఒకటే లోటు: ప్రోగ్రాము "పక్కనుండె" అనడం యతికోసం వచ్చిన మాటలా ఉంది. ప్రోగ్రామ్ పక్కన ఉండదు, ఫైలు మీదే కూర్చుని ఉంటుంది.

బైట్‌బాబు

"చిరము" అన్నమాటకి అభ్యంతరం చెప్పొచ్చా అండీ? సర్వీసు రీస్టార్ట్ చేస్తే ఆ క్షణంలోనే పోతుంది కదా.

నిర్వాహకుడు

చిరము అంటే చాలాకాలం అనే కదండీ, శాశ్వతం అనలేదు. ఏడాదిగా రీస్టార్ట్ చెయ్యని సర్వర్లు నాకు తెలుసు.

కొత్తకలం

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

*తెరిచి మూయుట మరచితి తొందరగను*
*వేయి ఫైళ్ళకు పైనయ్యె వేచి చూడ*
*ఇరువదియు నాల్గు నంబరు నెర్రరొచ్చె*
*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

నిర్వాహకుడు

గణాలు సరిపోయాయి. మొదటి పాదం విడదీస్తే తెరిచి – మూయుట – మరచితి – తొంద – రగను. యతి దగ్గర చిక్కు వచ్చింది. తె–తొ కుదరవు. హల్లు ఒకటే అయినా ఎకారానికి ఒకారం మిత్రం కాదు, ఇ, ఈ, ఏ లాంటివి కావాలి. "తెరిచి మూయుట మరచితి తీరుబడిగ" అంటే యతీ కుదురుతుంది, కాస్త చమత్కారమూ వస్తుంది. తొందరలో మరిచిపోయేవాళ్ళకంటే తీరుబడిగా మరిచిపోయేవాళ్ళే మనలో ఎక్కువ.

అసలు ఇబ్బంది అర్థంలో ఉంది. మూడు పాదాలూ ఒక జబ్బు గురించి, నాలుగోది ఇంకో జబ్బు గురించి. ఎర్నో (ఎర్రర్ నంబరు) 24, అంటే "టూ మెనీ ఓపెన్ ఫైల్స్", ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) తెరిచి ఉంచిన ఫైళ్ళ సంఖ్య పరిమితి దాటితే వస్తుంది. చాలా లినక్స్‌లలో ఆ సాఫ్ట్ పరిమితి 1024, కాబట్టి "వేయి" అన్నది బాగానే అతికింది. కానీ ఆ ఎర్రర్ వచ్చినంత మాత్రాన చెరిపిన ఫైలు నిలవదు. సమస్యాపాదాన్ని చివర తగిలించినట్టయింది తప్ప పద్యం దానిదాకా నడవలేదు.

కొత్తకలం

అర్థమైంది మాస్టారూ. కానీ ఒక సందేహం. పైథాన్‌లో ఫంక్షన్ అయిపోగానే ఫైలు దానంతటదే మూసుకుపోతుంది కదా? నేను ఎప్పుడూ క్లోజ్ రాయను, ఇంతవరకూ ఏమీ కాలేదు.

పైథాన్‌పంతులు

కాలేదంటే సీపైథాన్, అంటే అందరూ వాడే మామూలు పైథాన్, కాపాడింది తమ్ముడూ. అందులో రిఫరెన్స్ లెక్క (ఒక వస్తువును ఎన్నిచోట్ల వాడుతున్నారనే లెక్క) సున్నా అయిన వెంటనే వస్తువు పోతుంది, పోతూ ఫైలును మూసేస్తుంది. అదే కోడ్ పైపై అనే ఇంకో రకం పైథాన్‌లో నడిపి చూడు. అక్కడ చెత్త ఏరేవాడు (అక్కర్లేని వస్తువులను తీసేసే భాగం) ఎప్పుడొస్తే అప్పుడే. సీపైథాన్‌లో కూడా ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే లోపం) వస్తే నమ్మకం లేదు. ఆ లోపం ఎక్కడ పుట్టిందో చెప్పే ట్రేస్‌బ్యాక్‌ను ఎవరైనా దాచుకుంటే దానితోపాటు ఫంక్షన్ ఫ్రేమూ, ఫ్రేములోని నీ ఫైలూ అన్నీ బతికే ఉంటాయి.

"విత్ ఓపెన్" అని రాయడం అలవాటు చేసుకో. 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి ఉంది. బ్లాక్ దాటితే మూత పడాల్సిందే, ఎక్సెప్షన్ వచ్చినా సరే. ఎన్ని ఫైళ్ళు తెరవాలో ముందు తెలియకపోతే కాంటెక్స్ట్‌లిబ్ మాడ్యూల్‌లో ఎగ్జిట్‌స్టాక్ ఉంది, 3.3 నుంచి. ఒక్కొక్కటీ తెరుస్తూ దానిలో వేసుకుంటూ పో, చివర్లో అన్నిటినీ తిరుగు వరుసలో మూసేస్తుంది.

ఇక "ఏమీ కాలేదు" అన్నావు చూడు. నీ స్క్రిప్ట్‌ను ఒకసారి మైనస్ ఎక్స్ డెవ్ అనే ఆప్షన్ పెట్టి నడుపు. మూయని ప్రతి ఫైలుకూ రిసోర్స్ వార్నింగ్ కనిపిస్తుంది. మామూలుగా అది నోరు మూసుకుని ఉంటుంది కాబట్టి నీకు తెలియలేదు.

సెమికోలన్

పాఠం అయిందా పంతులుగారూ? ఇదిగో నాది.

*కిటికి యేలిన సీమలో కిటుకు లేదు*
*తెరచియుండఁగఁ జెరుపంగఁ దిట్టు పడును*
*పెంగ్వినమ్మకుఁ బుట్టిన పెట్టెలోనె*
*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

గోదారిగట్టు

కిటికి ఏలిన సీమ! విండోస్ పేరెత్తకుండా విండోస్‌ని భలే దింపావు.

నిర్వాహకుడు

హాస్యం పండింది. సంగతీ నిజమే. విండోస్‌లో పైథాన్ ఓపెన్‌తో తెరిచి ఉన్న ఫైలును చెరపబోతే పర్మిషన్ ఎర్రర్, విన్ఎర్రర్ 32 వస్తుంది. "తిట్టు పడును" దానికి సరిగ్గా సరిపోయింది.

మూడో పాదం దగ్గర మాత్రం ఆగాలి. పెంగ్విన్ అంటే లినక్స్. ఈ పద్ధతి లినక్స్ పుట్టకముందే యూనిక్స్‌లో ఉంది, మ్యాక్‌లోనూ ఉంది. "మొదట యూనిక్సు వెలసిన ముంగిటందె" అని మార్చుకోవచ్చు, మొ–ము యతి. రెండోది, నా షరతు. పట్టుకున్నవాడేడీ? ఊరు చెప్పారు, మనిషిని చెప్పలేదు.

సెమికోలన్

"తెరచియుండఁగ" అన్నానుగా, ఆ మాటలోనే మనిషి ఉన్నాడు. పెంగ్వినమ్మను వదలడానికి నాకు మనసొప్పదు, మన్నించాలి.

నిర్వాహకుడు

ఆ "తెరచియుండఁగ" కిటికీ సీమలో ఉంది, పెంగ్విన్ ఇంట్లో కాదు. సరే, పెంగ్వినమ్మను ఉంచుకోండి.

పైథాన్‌పంతులు

నా వంతు. పైథాన్‌లో తాత్కాలిక ఫైళ్ళు తయారుచేసే టెంప్‌ఫైల్ మాడ్యూల్ మీద.

*పుట్టగానె పేరును కోలుపోవు బిడ్డ*
*టెంపరరి ఫైలు దానికి టెన్షనేమి*
*మూయునందాక బ్రతుకును ముచ్చటగను*
*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

నిర్వాహకుడు

ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇది కొత్త దారి. మిగతావాళ్ళకు చెరిపినా పోకపోవడం ఒక ఇబ్బంది, ఇక్కడ అదే పనికొచ్చింది. ఆ మాడ్యూల్‌లోని టెంపరరీఫైల్ యూనిక్స్‌లో ఫైలును సృష్టించి వెంటనే పేరు తీసేస్తుంది. చేతిలో ఉన్న హ్యాండిల్, అంటే తెరిచిన ఫైలు మీద ప్రోగ్రామ్‌కున్న పట్టు, ఒక్కటే దానికి ఆధారం. ప్రోగ్రామ్ మధ్యలో చచ్చినా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ హ్యాండిల్‌ను మూసేస్తుంది, చోటు ఖాళీ అవుతుంది, టీఎంపీ అనే తాత్కాలిక ఫోల్డర్లో చెత్త మిగలదు.

బైట్‌బాబు

పంతులుగారూ, మీ మాడ్యూల్‌లోనే మీకు తప్పు పడుతున్నాను. పైథాన్ 3.5 నుంచి లినక్స్‌లో ఓ-టీఎంపీఫైల్ (పేరు లేకుండానే ఫైలు తెరిచే సదుపాయం) కుదిరితే దాన్నే వాడుతుంది. అప్పుడు ఆ ఫైలుకు పేరు పెట్టడమే ఉండదు. లేని పేరును కోలుపోవడమెలా?

పైథాన్‌పంతులు

పట్టేశావు. అయితే మొదటి పాదం ఇలా: *పుట్టి పేరుకు నోచని పొట్టి బిడ్డ*

నిర్వాహకుడు

పద్యంగా రెండోది నిండుగా ఉంది. కానీ పేరే లేనిదాన్ని "చెరిపినంతనె" అనలేం, సమస్యాపాదం గాల్లో వేలాడుతుంది. మొదటిదే ఉంచండి. పాత కెర్నెల్ మీద నడుస్తోందనుకుంటాం.

బైట్‌బాబు

*తండ్రి మూసెను గాని యా తనయుఁ డింక*
*పిడికిటను బట్టి విడువక బిగిసియుండె*
*ఫోర్కు పుట్టువు మహిమయొ పూర్వఫలమొ*
*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

గోదారిగట్టు

ఆహా. ఇది చూశాక నాది వెనక్కి తీసుకుంటున్నాను.

పైథాన్‌పంతులు

ఫోర్క్ అంటే ప్రాసెస్ తన నకలును పిల్లగా పుట్టించడమే కదా. పద్యం బాగుంది కానీ కాలం చెల్లిందేమో. పెప్ 446 అనే పైథాన్ మార్పు ప్రతిపాదనతో, అంటే పైథాన్ 3.4 నుంచి, కొత్తగా తెరిచే హ్యాండిళ్ళు పిల్ల ప్రాసెస్‌లకు వారసత్వంగా పోవు కదా? సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ కూడా మామూలుగా అన్నీ మూసేశాకే పిల్లను లేపుతుంది.

బైట్‌బాబు

పోనిది ఎగ్జెక్ దగ్గరండీ, ఫోర్క్ దగ్గర కాదు. పిల్ల ప్రాసెస్ వేరే ప్రోగ్రామ్‌ను ఎక్కించుకునేటప్పుడే ఆ హ్యాండిళ్ళు మూతపడతాయి. ఉత్త ఫోర్క్ అయితే తండ్రి చేతిలో ఉన్నవన్నీ కొడుకు చేతిలోకీ వస్తాయి. పైథాన్ మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్ లినక్స్‌లో చాలాకాలం ఫోర్క్‌తోనే నడిచింది, 3.14లోనే మామూలు పద్ధతిని ఫోర్క్‌సర్వర్‌కు మార్చారు. నేను పనిచేసిన ఒకచోట ఇదే జరిగింది. ప్రధాన ప్రాసెస్ లాగ్ మూసేసింది, కొత్తది తెరిచింది, అంతా శుభం. డిస్క్ మాత్రం తగ్గదు. ఎల్ఎస్ఓఎఫ్ (ఎవరు ఏ ఫైలు తెరిచారో చూపే ఆదేశం) కొట్టి చూస్తే ఎనిమిది వర్కర్లు, అంటే పిల్ల ప్రాసెస్‌లు, ఎనిమిదింటి చేతుల్లోనూ అదే పాత ఫైలు, పేరు చివర "డిలీటెడ్" అని.

నిర్వాహకుడు

పద్యానికి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు. పట్టుకున్నవాడు పిడికిలితో సహా కనిపించాడు. "మహిమయొ పూర్వఫలమొ" అనడంలో విసుగూ వేదాంతమూ రెండూ పలికాయి.

పాతచింతకాయ

నాయనలారా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. మీ హ్యాండిళ్ళూ ఫోర్కులూ నాకు తెలియవు. సమస్య ఊరించింది, ఊరుకోలేకపోయాను.

*పాపమంతయు చెరిపితిఁ బైసలిచ్చి*
*చిత్రగుప్తుని చేతిలో చీటియుండె*
*వాని పట్టు వదల్చెడు వాఁడెవండు*
*చెరిపినంతనె దస్త్రము చిరము నిలిచె*

సెమికోలన్

పండితులవారికి పాదాభివందనం. పైథాన్ రాకుండానే మాకందరికీ పాఠం చెప్పారు.

నిర్వాహకుడు

మాస్టారూ, చూడండి, షరతు అక్షరాలా తీరింది. చెరిపినవాడు వేరు, పట్టుకున్నవాడు వేరు. ఆ రెండోవాణ్ణి కదిలించే అధికారం మొదటివాడికి లేదు. సర్వర్ గదిలో జరిగేదీ ఇంతే. మిగతావాళ్ళు డిస్క్, ప్రోగ్రాము అని సరంజామా పేర్చి చెప్పినదాన్ని మీరు చిత్రగుప్తుడి చేతిలో చీటీ పెట్టి తేల్చారు. పాపం–బైసలు యతి, ఆకారానికి ఐకారం, వినసొంపుగా ఉంది.

ఈ వారం మొదటి స్థానం పాతచింతకాయగారికి, రెండోది బైట్‌బాబుకి.

కొత్తకలం

పద్యాలు సరే, నిజంగా ఇలా జరిగితే ఏం చెయ్యాలి? పొరపాటున చెరిపేసిన ఫైలు ఇంకా బతికే ఉంటే వెనక్కి తెచ్చుకోవచ్చా?

బైట్‌బాబు

ఆ ప్రాసెస్‌ను మాత్రం ఆపకు. లినక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డర్ కింద ఆ ప్రాసెస్ నంబరు, దాని కింద ఎఫ్‌డీ అనే ఫోల్డర్, అది తెరిచిన ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. ప్రాసెస్ 4127 అయి, హ్యాండిల్ 3 అయితే ఆ 3 అనేదాన్నే వేరేచోటికి కాపీ చేసుకో, డేటా మొత్తం వస్తుంది. ప్రాసెస్ ఆగిందా, ఇక అంతే.

లాగుల విషయానికైతే పైథాన్‌లోనే మందుంది. లాగింగ్.హ్యాండ్లర్స్‌లో వాచ్‌డ్‌ఫైల్‌హ్యాండ్లర్. రాసే ప్రతిసారీ ఫైలు పేరు దగ్గర ఉన్న డివైస్, ఐనోడ్ నంబర్లు (డిస్క్‌లో అసలు ఫైలును గుర్తించేవి) తన చేతిలోవాటితో సరిపోతున్నాయో లేదో చూసుకుంటుంది. మారినా, ఫైలు లేకపోయినా పాతది మూసి కొత్తది తెరుస్తుంది. యూనిక్స్ కోసమే రాశారు, కిటికీ సీమలో దాని అవసరం లేదు.

గోదారిగట్టు

మా టీమ్‌లో ఒకతను రీస్టార్ట్ చెయ్యకుండా చోటు తెద్దామని ఆ ఎఫ్‌డీ మీదే ట్రంకేట్ కొట్టి సున్నా చేశాడు. చోటు వచ్చింది. ఐదు నిమిషాల్లో చూస్తే ఫైలు సైజు మళ్ళీ పాత అంకెకే వెళ్ళిపోయింది, డీఎఫ్‌లో మాత్రం చోటు ఖాళీగానే ఉంది. అందరం తల పట్టుకున్నాం.

పైథాన్‌పంతులు

అది "ఏ" (చివర చేర్చే) మోడ్‌లో కాకుండా "డబ్ల్యూ" (కొత్తగా రాసే) మోడ్‌లో తెరిచి ఉంటుంది. ప్రోగ్రామ్ తాను ఎక్కడిదాకా రాసిందో గుర్తుపెట్టుకుని అక్కడినుంచే కొనసాగిస్తుంది. ముందు భాగమంతా రాయని బొక్క. సైజులో లెక్కకొస్తుంది, డిస్క్‌లో చోటు తినదు. "ఏ" మోడ్ అయితే ప్రతి రాతా అప్పటి చివర నుంచే, కాబట్టి ఈ గోల ఉండదు.

నిర్వాహకుడు

గోదారిగట్టుగారూ, వచ్చేవారానికి నాకు పని తప్పించారు. ఇదీ తేటగీతి పాదమే, ఆదివారం రాత్రి దాకా గడువు:

*ఖాళి ఫైలున జీబీలు కానఁబడియె*